ఆగని గీజర్: ఆపాక ఏం చూడాలి, ఎలా చూడాలి

పోయిన ధనుర్మాసంలో ఒకరోజు తెల్లవారుజామున మూడు కాకముందే నా ఫోను మోగింది. తిరుపతి కొర్లగుంటలో తెలిసినవాళ్ల ఇల్లు. అనంతపురం నుంచి పది మంది చుట్టాలు దర్శనానికి వచ్చారు. అలిపిరి మెట్లెక్కాలని పెందలాడే స్నానాలకు లేచారు. ఆ ఇంటాయన గొంతు వణుకుతోంది. "అన్నా, గీజరు ఆగడం లేదు. కొళాయి తిప్పితే నీళ్లు రాలేదు, బుస్సుమని ఆవిరి వస్తా ఉండాది. స్విచ్ కట్టేసినా లోపల గుడగుడమంటానే ఉండాది."

"ముందు మెయిన్ బోర్డులో ఎంసీబీ స్విచ్ దించెయ్యన్నా. అందరూ బాత్రూంలోంచి బయటికి రండి. కొళాయి ముట్టుకోవద్దు. నేను వస్తా ఉండాను" అన్నాను.

చుట్టాలు గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాచుకుని స్నానాలు చేసి వెళ్లారు. మధ్యాహ్నానికి గీజర్ చల్లారాక మూత విప్పి చూశాను. నీళ్లు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ లోపలి కాంటాక్టులు అతుక్కుపోయి ఉన్నాయి. అది వయసైపోయిన గీజర్‌కు మామూలే. మామూలు కానిది రెండోది. వేడి మరీ పెరిగితే కరెంటును కోసేసే కటౌట్‌ను అంతకుముందు వచ్చిన మెకానిక్ ఒకరు తీసేసి, వైరు ముక్కతో డైరెక్ట్ చేసి పోయాడు. మూడోది ఇంకా ఘోరం. కింద సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయని ఇంట్లోవాళ్లే సీల్ ముద్ద పెట్టి దాన్ని మూసేశారు. అంటే మూడు కాపలాల్లో ఒకటి చెడింది, మిగతా రెండింటినీ మనుషులే తీసేశారు. బాత్రూంలో వేడినీళ్ల కొళాయి వాషర్ అరిగిపోయి కారుతోంది కాబట్టి ఒత్తిడి అటువైపు కొంచెం కొంచెంగా పోయింది. ఆ కొళాయి బాగుండి ఉంటే ఏమయ్యేదో ఆ ఇంటాయనకు నేను చెప్పలేదు.

ఇరవై ఏళ్లుగా తిరుపతిలో ఇదే పని చేస్తున్నాను. గీజర్ ఆగడం లేదంటే చాలామంది స్విచ్ కట్టేసి, మళ్లీ కావాల్సినప్పుడు వేసుకుని, గడియారం చూసుకుంటూ నెలల తరబడి నెట్టుకొస్తారు. అలా చేయొద్దని చెప్పడానికి, ఎందుకు ఆగడం లేదో ఎవరికి వాళ్లు తేల్చుకునేలా చేయడానికి ఇది రాస్తున్నాను.

ఆవిరి వస్తుంటే

కొళాయిలోంచి ఆవిరి చిమ్మినా, గీజర్ లోపల ఎసరు మరిగినట్టు చప్పుడు వస్తున్నా ఏ పరీక్షలూ వద్దు. తడి చేత్తో బాత్రూం స్విచ్ జోలికి పోవద్దు. మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్లి గీజర్ ఎంసీబీ దించండి. ఏది గీజర్‌దో తెలియకపోతే ఇంటి మెయిన్ మొత్తం కట్టేయండి.

ఆ తర్వాత ఒత్తిడి తీసేద్దామని వేడినీళ్ల కొళాయి తెరవకండి. మూసిన ట్యాంకులో ఒత్తిడి మీద ఉన్న నీళ్లు 100 డిగ్రీలు దాటినా నీళ్లలాగే ఉంటాయి. కొళాయి తెరవగానే ఒత్తిడి పడిపోయి, అందులో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరైపోతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలి. అది మీ ముఖం మీదికి వస్తుంది. గీజర్‌లోకి నీళ్లు వచ్చే గేట్ వాల్వ్ కూడా కట్టేయకండి. కొన్ని ఇళ్లలో వ్యాకోచించిన నీళ్లు వెనక్కి ఓవర్‌హెడ్ ట్యాంకులోకి పోవడానికి అదొక్కటే దారి. తలుపేసి, పిల్లల్ని అటు పోనివ్వకుండా వదిలేయండి. ట్యాంకు చుట్టూ వేడి పోకుండా మందపాటి ఫోమ్ ఉంటుంది కాబట్టి తొందరగా చల్లారదు. రాత్రి జరిగితే మర్నాటి వరకు ఆగడమే మేలు.

ఎంసీబీ దించాక కూడా కాసేపు గుడగుడ వినిపిస్తుంది. పొయ్యి ఆర్పాక కూడా ఎసరు కాసేపు తుకతుకలాడినట్టే అది. పదిహేను ఇరవై నిమిషాలైనా చప్పుడు తగ్గకపోతే మీరు దించింది వేరే ఎంసీబీ అయి ఉంటుంది. మెయిన్ కట్టేయండి.

ఎవరికైనా చెయ్యి కాలితే 20 నిమిషాలపాటు మామూలు కొళాయి నీళ్ల ధార కింద పెట్టండి. ఇంకు, టూత్‌పేస్టు, పసుపు రాయొద్దు. బొబ్బలు లేస్తే ఆసుపత్రికి వెళ్లండి. 60 డిగ్రీల నీళ్లు ఒంటి మీద ఐదు సెకన్లు పడితే చాలు, చర్మం లోతుగా కాలుతుంది. పసిపిల్లలకు, ముసలివాళ్లకు అంతసేపు కూడా అక్కర్లేదు.

లోపల ఏముంది

మా అమ్మమ్మ కాలంలో స్నానాల గదిలో పొయ్యి మీద రాగి కాగు ఉండేది. గీజర్ కూడా కాగే, కాకపోతే మూత బిగించిన కాగు. మూత లేని కాగు ఎంత మరిగినా ఆవిరి పైకి పోతుంది. మూత బిగించాక మరగనివ్వకూడదు. ఆ పని కోసమే లోపల మూడు కాపలాలు పెట్టారు.

మొదటిది థర్మోస్టాట్. సాధారణంగా 60 డిగ్రీల దగ్గర, నీళ్లను కాచే కాయిల్‌కు కరెంటు ఆపుతుంది. నీళ్లు కొంచెం చల్లారగానే మళ్లీ ఇస్తుంది. రోజుకు పదిసార్లు ఆగి మొదలయ్యే భాగం కాబట్టి ముందుగా అరిగిపోయేదీ ఇదే. రెండోది కటౌట్. థర్మోస్టాట్ చెడి వేడి 90 డిగ్రీల దరిదాపులకు వస్తే ఇది కరెంటును పూర్తిగా కోసేస్తుంది, తనంతట తాను మళ్లీ కలవదు. దాని మీద చిన్న బటన్ ఉంటుంది, చేత్తో నొక్కితేనే కలుస్తుంది. మూడోది కింద చల్లనీళ్లు లోపలికి వెళ్లే చోట ఉండే సేఫ్టీ వాల్వ్. ఒత్తిడి హద్దు దాటితే నీళ్లను బయటికి వదిలేస్తుంది. ఎన్ని బార్ల (ఒత్తిడి కొలత) దగ్గర తెరుచుకుంటుందో దాని మీదే రాసి ఉంటుంది. నిల్వ గీజర్లకు మన దేశంలో ఉన్న ఐఎస్ 2082 ప్రమాణం ఇలాంటి రక్షణలన్నీ ఉండాలనే చెబుతుంది.

సేఫ్టీ వాల్వ్ చుక్కలు చుక్కలుగా కారడం గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. నీళ్లు 25 నుంచి 60 డిగ్రీలకు కాగితే నూటికి దాదాపు 1.4 వంతు ఉబ్బుతాయి. 15 లీటర్ల గీజర్‌లో అది 200 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద గ్లాసుడు. ఆ గ్లాసుడు నీళ్లు ఎటో ఒకవైపు పోవాలి. కాగేటప్పుడు మాత్రమే కారితే వాల్వ్ తన పని తాను చేస్తోందని అర్థం. దానికి సన్న గొట్టం తగిలించి కిందికి, నేల మీది జాలీ దాకా వదలండి. మూయొద్దు. గీజర్ ఆపేసి చల్లారాక కూడా కారుతూనే ఉంటే వాల్వ్ మార్చుకోండి.

"ఆగడం లేదు" అంటే ఏమిటి

ఈ మాట నాకు ఫోనులో వందసార్లు వినిపించి ఉంటుంది. అన్నిసార్లూ ఒకే జబ్బు కాదు. కాబట్టి ఎప్పుడూ మొదట ఒకటే అడుగుతాను: నీళ్లు మరీ కాలుతున్నాయా, లేక గీజర్ మీది లైటు మాత్రమే ఆరడం లేదా?

నీళ్లు కాలిపోతూ లైటు ఆరకపోతే థర్మోస్టాట్ పని చేయడం లేదు. నీళ్లు గోరువెచ్చగానే ఉండి గంటల తరబడి లైటు ఆరకపోతే థర్మోస్టాట్‌ది తప్పు కాదు. అది ఆపాల్సిన వేడి ఇంకా రానేలేదు. వేడి ఎటు పోతోందో, లేదా ఎందుకు తక్కువగా పుడుతోందో చూడాలి. లైటు ఆరిపోయినా నీళ్లు మరుగుతుంటే అది అన్నిటికంటే చెడ్డది, దాని గురించి ముందుకెళ్లాక చెబుతాను. స్విచ్ కట్టేసినా లైటు మసక మసకగా వెలుగుతుంటే స్విచ్‌ను ఫేజ్‌కు (కరెంటు తెచ్చే వైరుకు) బదులు న్యూట్రల్ వైరుకు (కరెంటు తిరిగి పోయేదానికి) వేశారేమో చూపించాలి. అలా వేస్తే స్విచ్ ఆపినా గీజర్ లోపల కరెంటు ఉన్నట్టే.

గీజర్ అప్పుడప్పుడు తనంతట తాను మొదలై కొద్ది నిమిషాలకు ఆగితే అది జబ్బే కాదు. ట్యాంకు కొంచెం కొంచెంగా చల్లారుతుంది, మళ్లీ కాచుకుంటుంది.

మూత విప్పకుండా తేల్చుకునేవి

మొదట గడియారం. మామూలుగా ఇళ్లలో ఉండేది 2,000 వాట్ల కాయిల్. 15 లీటర్ల నీళ్లు 25 నుంచి 60 డిగ్రీలకు రావడానికి 18 నుంచి 20 నిమిషాలు పడుతుంది. 10 లీటర్లకు 12 నిమిషాలు, 25 లీటర్లకు అరగంట. సాయంత్రం ఇంట్లో ఎవరూ నీళ్లు వాడని సమయంలో చల్లటి గీజర్ వేసి, లైటు ఎప్పుడు ఆరుతుందో రాసుకోండి. గీజర్ ముందు కాపలా ఉండి చూడాలి, వేసి మరిచిపోయే పరీక్ష కాదిది. చెప్పిన సమయానికి రెండింతలైనా లైటు ఆరకపోతే కట్టేసి, పావుగంట ఆగి, స్టీలు చెంబులోకి కొద్దిగా నీళ్లు పట్టి వంటింటి థర్మామీటర్ పెట్టండి. 75 దాటితే థర్మోస్టాట్ పోయింది. 45, 50 దగ్గరే ఉంటే కింద చెప్పేవి చూడండి.

ఒకటి, వోల్టేజ్. ఇది చాలామందికి తట్టదు. కాయిల్ పుట్టించే వేడి వోల్టేజ్ వర్గంతో పడిపోతుంది. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్లు ఇచ్చే కాయిల్ 180 వోల్టుల దగ్గర 1,225 వాట్లే ఇస్తుంది. అంటే 18 నిమిషాల పని అరగంట పడుతుంది. వీధి చివరి ఇళ్లలో, అన్ని ఇళ్ల గీజర్లూ ఒకేసారి నడిచే చలికాలం ఉదయాల్లో ఇది ఎక్కువ. మల్టీమీటర్‌తో కొలవడం రాకపోతే, గీజర్ వేయగానే ఇంట్లో లైట్లు బాగా మందగిస్తున్నాయేమో చూడండి. రోజూ అలాగే ఉంటే విద్యుత్ శాఖ 1912 నంబరుకు ఫిర్యాదు చేయాలి, గీజర్‌ను విప్పి లాభం లేదు.

రెండు, వేడినీళ్లు దొంగతనంగా పోవడం. ఎక్కడో ఒక వేడినీళ్ల కొళాయి సన్నగా కారుతుంటే, కారినంత చల్లనీళ్లు లోపలికి వస్తాయి. గీజర్ రాత్రంతా కాచుతూనే ఉంటుంది. కొళాయిలన్నీ కట్టేసి, అరగంట తర్వాత గీజర్ నుంచి బయటికి వచ్చే పైపును ఒక అడుగు దూరంలో ముట్టి చూడండి. ఇంకా వేడిగా ఉంటే నీళ్లు ఎటో పోతున్నాయి. కళ్లకు కనపడనిది వాల్ మిక్సర్. వేడి, చల్లనీళ్ల పిడులు రెండూ తెరిచి, చివర హ్యాండ్ షవర్ మాత్రం కట్టేసి వదిలితే ఒత్తిడి ఎక్కువున్న వైపు నుంచి తక్కువున్న వైపుకు నీళ్లు లోలోపలే మారిపోతాయి. చల్లనీళ్ల కొళాయి తిప్పితే మొదట కాసేపు వెచ్చటి నీళ్లు వస్తున్నాయా? అయితే అదే.

మూడు, కరెంటు మీటరు. నాకు బాగా ఇష్టమైన పరీక్ష ఇది, పైసా ఖర్చు లేదు, స్క్రూ విప్పే పని లేదు. మీటరు మీద మినుకుమనే చిన్న ఎర్ర లైటు ఉంటుంది. యూనిట్‌కు అది ఎన్నిసార్లు మెరుస్తుందో పక్కనే రాసి ఉంటుంది, చాలా మీటర్లలో 3,200. ఇంట్లో ఫ్రిజ్ సహా అన్నీ ఆపేసి గీజర్ ఒక్కటే వేయండి. 2,000 వాట్లు నడుస్తుంటే నిమిషానికి దాదాపు 107 సార్లు మెరుస్తుంది. 65 సార్లే మెరిస్తే వోల్టేజ్ తక్కువ, లేదా కాయిల్ అసలు రేటింగే తక్కువ. గీజర్ లైటు ఆరాక మీటరు కూడా ఆగిపోవాలి. గీజర్ లైటు ఆరినా మీటరు జోరుగా మెరుస్తుంటే వెంటనే ఎంసీబీ దించండి.

లైటు ఆరినా మరిగితే

దీని కారణం ఒక్క చోట ఉండదు, రెండు తప్పులు కలిస్తేనే ఇది జరుగుతుంది. మొదటిది ఉప్పునీళ్లకు కాయిల్ పైతొడుగు తినేసి, లోపలి తీగ ట్యాంకు లోహానికి తగలడం. రెండోది ప్లగ్ సాకెట్లో ఫేజ్, న్యూట్రల్ తారుమారు కావడం. సరిగ్గా ఉన్న ఇంట్లో థర్మోస్టాట్ ఫేజ్ దారిలో ఉంటుంది. అది తెగితే కాయిల్‌కు కరెంటే రాదు. తారుమారైన చోట థర్మోస్టాట్ న్యూట్రల్‌ను తెంపుతుంది. ఫేజ్ మాత్రం కాయిల్ దాకా వచ్చే ఉంటుంది, తగిలిన చోటు నుంచి ఎర్త్ వైరు పట్టుకుని పోతూ నీళ్లను కాచుతూనే ఉంటుంది. ఎంసీబీ పడేంత కరెంటు కాకపోవచ్చు కాబట్టి అది ఊరుకుంటుంది. ఇక ఎర్త్ కూడా సరిగా లేకపోతే ఆ కరెంటు కొళాయిల్లో ఉంటుంది.

అందుకే ఎంసీబీ ఉంది కదా అని ధైర్యంగా ఉండొద్దంటాను. బాత్రూం లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కొంచెం ఎర్త్‌లోకి కారినా పడిపోయే స్విచ్) వేయించండి. పైన చెప్పిన తప్పు జరిగిన క్షణంలోనే అది పడిపోతుంది. నెలకోసారి దాని మీది టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూసుకోండి. కొళాయి ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందని ఇంట్లో ఎవరైనా అంటే, ఆడవాళ్లో పిల్లలో అన్నారని కొట్టిపారేయకండి. ఆ రోజే గీజర్ ఆపండి.

మూత విప్పడం

ఇక్కడి నుంచి మల్టీమీటర్, టెస్టర్ వాడటం వచ్చినవాళ్లకు మాత్రమే. రానివాళ్లు ఇది చదివి, వచ్చే మెకానిక్ ఏం చేస్తున్నాడో పక్కనే నిలబడి చూడండి. అది కూడా చాలా పనికొస్తుంది.

ఎంసీబీ దించి, ప్లగ్ ఊడదీసి, ఎంసీబీ మళ్లీ ఎవరూ ఎత్తకుండా మీద టేపు అంటించండి. సెలవుల్లో చుట్టాలతో నిండిన ఇంట్లో లైటు రాలేదని ఎవరో ఒకరు ఎత్తేస్తారు. కింది మూత విప్పాక టెస్టర్‌తో చూసి, తర్వాత మల్టీమీటర్‌తో కూడా చూడండి. ఒక్క టెస్టర్‌ను నమ్మొద్దు. వైర్లు కదిపేముందు ఫోనుతో ఫోటో తీసుకోండి.

ముట్టుకోకముందే కళ్లతో చూడండి. థర్మోస్టాట్ టెర్మినల్ దగ్గర ప్లాస్టిక్ నల్లబడిందా? వైరు వదులైన చోట వేడి పుట్టి కరిగిందన్నమాట. సన్నటి రాగి తీగ లాంటి గొట్టంతో ఉండే థర్మోస్టాట్ అయితే దాని చివరి బల్బు తన గూటిలో చివరిదాకా దిగి ఉందా? రెండు అంగుళాలు బయటికి జారి ఉన్నా దానికి తెలిసేది బాత్రూం గాలి వేడే తప్ప నీళ్ల వేడి కాదు. అంతకుముందు కాయిల్ మార్చినవాళ్లు తొందరలో సగం దూర్చి వదిలేసిన గీజర్లు ఎన్నో చూశాను. బల్బును నెట్టి బిగిస్తే జబ్బు నయమైపోతుంది. ఎక్కడైనా కటౌట్‌ను దాటవేస్తూ వైరు ముక్క కనిపిస్తే అది ఎవరు వేశారన్న మాట పక్కనపెట్టి, కొత్త కటౌట్ వేసేదాకా గీజర్ నడపకండి.

తర్వాత థర్మోస్టాట్‌ను బయటికి తీసి పరీక్షించండి. మల్టీమీటర్ బీప్ మీద పెట్టి రెండు టెర్మినళ్లకు తగిలిస్తే చల్లగా ఉన్నప్పుడు బీప్ రావాలి. ఇప్పుడు గిన్నెలో నీళ్లు, పక్కన థర్మామీటర్ పెట్టి, పొయ్యి మీద నిదానంగా కాచుతూ బల్బును గానీ, కడ్డీ రకం థర్మోస్టాట్ అయితే కడ్డీని గానీ అందులో ముంచండి. టెర్మినళ్లు తడవకూడదు. నాబ్ 60 దగ్గర ఉంటే అటూ ఇటుగా అయిదారు డిగ్రీల తేడాతో టక్‌మని చప్పుడై బీప్ ఆగాలి. నీళ్లు 80 దాటినా బీప్ వస్తూనే ఉంటే అది పోయినట్టే. మెల్లగా తడితే కొన్నిసార్లు అతుక్కున్న కాంటాక్టులు విడిపోతాయి. అప్పుడు బాగైందని మళ్లీ బిగించేవాళ్లు ఉన్నారు. ఒకసారి అతుక్కున్నది మళ్లీ అతుక్కుంటుంది, అది కూడా అర్ధరాత్రే. కొత్తది కొన్ని వందల రూపాయల వస్తువు.

కాయిల్‌ను కూడా వదలొద్దు. వైర్లు తీసేసి రెండు కొనల మధ్య కొలిస్తే 2,000 వాట్ల కాయిల్‌కు 26 ఓంలు, 3,000 వాట్ల దానికి 17, 18 ఓంలు రావాలి. ఒక కొనకూ ట్యాంకు లోహానికీ మధ్య ఏమీ చూపించకూడదు. మామూలు మల్టీమీటర్‌కు చిన్న లీకేజీ దొరకదు. అనుమానం ఉంటే మెగ్గర్ (చిన్న లీకేజీని కూడా పట్టే మీటరు) ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

డిజిటల్ డిస్‌ప్లే ఉన్న గీజర్లలో కరెంటు తెంపే పని బోర్డు మీది రిలే (కరెంటుతో నడిచే చిన్న స్విచ్) చేస్తుంది. రిలే అతుక్కుంటే అంకె 60 చూపిస్తూనే నీళ్లు మరుగుతాయి. ఆ బోర్డును ఇంట్లో సోల్డరింగ్ చేయొద్దు, కంపెనీ బోర్డే వేయించండి.

కొత్తది వేసేటప్పుడు

పాతదాన్ని చేతిలో పట్టుకుని గాంధీ రోడ్డులోనో మీ వీధి చివరో ఉన్న ఎలక్ట్రికల్ షాపుకు వెళ్లండి. ఆంపియర్లు, కడ్డీ పొడవు, గరిష్ఠ ఉష్ణోగ్రత మూడూ కలవాలి. 2,000 వాట్ల గీజర్ 8.7 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల థర్మోస్టాట్ సరిపోతుంది. పొట్టి కడ్డీ వేస్తే అది ట్యాంకు అడుగు వేడినే చూస్తుంది, పైన నీళ్లు మరీ వేడెక్కిపోతాయి.

థర్మోస్టాట్ అతుక్కుపోయిన గీజర్‌లో కటౌట్ కూడా చాలాసార్లు వేడి తిని ఉంటుంది. నేనైతే రెండూ మారుస్తాను. కటౌట్ ఎర్ర బటన్ నొక్కితే గీజర్ మళ్లీ పనిచేస్తుంది, నిజమే. కానీ అది పడిందంటే థర్మోస్టాట్ తన పని చేయలేదని అర్థం. నొక్కడం బాగుచేయడం కాదు. ఒకసారి నొక్కాక వారం తిరక్కుండా మళ్లీ పడితే గీజర్ వాడకం ఆపాల్సిందే.

బిగించాక కరెంటు ఇచ్చేముందు వేడినీళ్ల కొళాయి తెరిచి, బుసబుసలు పోయి ధార నిండుగా వచ్చేదాకా ఆగండి. ఖాళీ ట్యాంకులో కాయిల్ వేస్తే కొద్ది నిమిషాల్లో కాలిపోతుంది. తర్వాత మళ్లీ గడియారం పరీక్ష చేయండి. లైటు ఆరాక చెంబులో నీళ్లు పట్టి థర్మామీటర్ పెట్టండి, 55, 60 మధ్య ఉంటే చాలు. నాబ్‌ను 75కు తిప్పినంత మాత్రాన నీళ్లు తొందరగా కాగవు, ఎక్కువసేపు కాగుతాయంతే. చుట్టాలు పది మంది వచ్చిన రోజు కూడా 60 దగ్గరే ఉంచి, మనిషికీ మనిషికీ మధ్య పావుగంట ఎడం ఇవ్వండి.

ఉప్పునీళ్ల సంగతి

తిరుపతికి కల్యాణి డ్యామ్ నీళ్లు, తెలుగుగంగ నీళ్లు వస్తాయి. అవి వచ్చే ఇళ్లలో గీజర్లు నిదానంగా పాడవుతాయి. బోరు మీద, ట్యాంకర్ల మీద బతికే అపార్ట్‌మెంట్లలో కథ వేరు. పాలగిన్నెలో నీళ్లు మరిగించినప్పుడు అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, అదే సున్నం కాయిల్ మీద కడుతుంది. కాయిల్ వేడి నీళ్లకు చేరక లోపలే ఉండిపోయి కాయిల్ కాలుతుంది. థర్మోస్టాట్ గూటి మీద కడితే దానికి నీళ్ల వేడి ఆలస్యంగా తెలుస్తుంది, అది ఆపేసరికి నీళ్లు ఎక్కువ కాగిపోయి ఉంటాయి. గీజర్ కాగేటప్పుడు పేలాలు వేగినట్టు చిటపట వినిపిస్తే సున్నం బాగా పట్టిందని గుర్తు.

బోరు నీళ్ల ఇళ్లలో ఏడాదికోసారి, దసరాకు ఇల్లు దులిపేటప్పుడే, గీజర్ నీళ్లు వదిలేసి కాయిల్ బయటికి తీయించండి. కాయిల్‌ను నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో కొన్ని గంటలు నానబెడితే పొర మెత్తబడుతుంది. బాత్రూం కడిగే యాసిడ్ వాడొద్దు, కాయిల్ తొడుగును తినేస్తుంది. స్క్రూడ్రైవర్‌తో ట్యాంకు లోపల గోకొద్దు, గాజు పూత లేచిపోతుంది. అదే సమయంలో మెగ్నీషియం కడ్డీని కూడా చూడండి. ట్యాంకుకు బదులు తుప్పు తాను తినడానికే అది ఉంది. పెన్సిలంత సన్నబడితే మార్చేయండి.

సోలార్, గ్యాస్

మిద్దె మీద సోలార్ ఉన్నవాళ్లు "కరెంటు బ్యాకప్ ఆగడం లేదు" అంటే ఎక్కువసార్లు అది జబ్బు కాదు, లెక్క. 200 లీటర్ల ట్యాంకును 2,000 వాట్ల కాయిల్ 25 నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే నాలుగు గంటలు పడుతుంది. మబ్బు పట్టిన నవంబరులో రాత్రి ఎవరైనా స్నానం చేస్తే, వాడినంత చల్లనీళ్లు లోపలికి చేరి, బ్యాకప్ తెల్లవార్లూ నడుస్తుంది. దానికి టైమర్ పెట్టించి తెల్లవారుజామున మాత్రమే నడిపించండి.

గ్యాస్ గీజర్‌లో కొళాయి కట్టేసినా మంట ఆగకపోతే వెంటనే సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేయండి. నీళ్ల ఒత్తిడికి కదిలే రబ్బరు పొర గానీ, దాన్ని నొక్కే పిన్ను గానీ, మైక్రోస్విచ్ గానీ సున్నం పట్టి ఇరుక్కుపోయి ఉంటుంది. కొన్నిసార్లు గీజర్ తర్వాతి కొళాయి ఏదో కారుతూ ఉండటం వల్ల కూడా మంట ఆరదు. వాసన వస్తుంటే ఏ స్విచ్చూ వేయొద్దు, తీయొద్దు. తలుపులు, కిటికీలు తెరిచి బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి. గాలి ఆడని బాత్రూంలో ఆగకుండా మండే గ్యాస్ గీజర్ వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్‌ను నింపుతుంది. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే అప్పటికే ఆలస్యమవుతోంది. గ్యాస్ గీజర్‌ను గది బయట, గాలి ఆడే చోట పెట్టించండి. లోపల ఉన్నదాన్ని మార్పించేదాకా దానితో స్నానం చేయొద్దు. నీళ్లు బకెట్లో పట్టుకుని, గీజర్ ఆపేసి, తలుపు తెరిచి కాసేపు ఆగాకే లోపలికి వెళ్లండి.